టేపు మీద మిగిలిన మాటలు

ఏ పాపమూ ఎరగని ఒక ఆంప్లిఫయర్ మీద నేను నేరం మోపాను. నవ్వొస్తోంది కదూ? నాకూ మొదట్లో అలాగే ఉండేది. వస్తువేగా, దానికేం నొప్పి అనుకునేవాణ్ణి. కానీ ఆ వస్తువును తన చేతులతో కట్టిన మనిషి ఒకరున్నారు. నేరం పోయి పోయి ఆయన మీద పడింది. అది తన తప్పే అని ఆయన నమ్మారు, ఆ నమ్మకంతోనే పోయారు. అప్పటినుంచీ ఆ బరువు నా నెత్తి మీదే ఉంది. దించుకునే చోటు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. మా ఆవిడకు మాత్రం ఒకసారి సగం చెప్పాను. విని, "పొరపాటేగా, దానికి ఇంత బాధెందుకు" అంది. సగం చెబితే అలాగే ఉంటుంది మరి. పొరపాటు అన్నది మొదటి సగమే. రెండో సగం పొరపాటు కాదు. దాన్ని ఆమెకు చెప్పలేదు. మీకు చెబుతాను, మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

అరవైల చివరి మాట. నేను యూనివర్సిటీలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది భువనగిరి అవతల పల్లె, వ్యవసాయం ఇల్లు. హాస్టల్లో చోటు దొరక్క తార్నాకలో ఒక స్కూలు మాస్టారింట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. అప్పట్లో తార్నాకలో ఇళ్లకంటే బండలూ సీతాఫలం పొదలూ ఎక్కువ. పొద్దున్నే క్యాంపస్‌కు సైకిలు మీద పోయి, సాయంత్రం ఎర్రమట్టి కొట్టుకుని తిరిగొచ్చేవాణ్ణి. మాస్టారు వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆయన, అమ్మగారు, వాళ్ల ఒక్కగానొక్క కూతురు కరుణక్క. నాకంటే రెండేళ్లు పెద్దది, నర్సరీ బడిలో టీచరు. నన్ను తమ్ముడూ అనేది. ఊరికే పిలవడానికి అనేది కాదు, నిజంగానే తమ్ముణ్ణి తిట్టినట్టు తిట్టేది.

మాస్టారు ఎదురుగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. నేను ఆ ఇంట్లో దిగేనాటికే ఆయనకు గొంతు కేన్సరుకు ఆపరేషన్ అయిపోయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పిల్లలకు సైన్సు పాఠం చెప్పే మనిషి, ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. స్కూలువాళ్లు మంచివాళ్లు, ఆయన్ను సైన్సు గది చూసుకోమన్నారు. ఇంట్లో ఆయన పెదవుల కదలిక చూసి అమ్మగారు అర్థం చేసుకునేది. మిగతావాళ్లతో పలకా సుద్దముక్కా. "తిన్నావా" అని రాసి, నేను చదివేలోపే మోచేత్తో చెరిపేసేవారు. నేను తెల్లమొహం వేస్తే నవ్వేవారు. శబ్దం లేని నవ్వు.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లిరోజు కూతురు ఇల్లు వదిలి చర్చికి బయలుదేరేముందు, గడప లోపల తండ్రి ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. నేర్చుకున్న ప్రార్థన కాదు, ఆ తండ్రి ఆ పిల్లకోసం తన మాటల్లో చేసేది. తండ్రి లేకపోతే మేనమామ చేస్తాడు. తండ్రి ఉండి కూడా నోరు విప్పకపోవడమన్నది ఆ వంశంలో ఎవరూ ఎరగరు. అందుకని ఆపరేషన్‌కు ముందు ఆయన ఒక పని చేశారు. ఎవరో విదేశం నుంచి తెచ్చుకుని, పాడైతే వదిలేసిన పెద్ద స్పూళ్ల టేపు రికార్డరు సంపాదించారు. మోటారూ చక్రాలూ బాగున్నాయి, లోపలి ఆంప్లిఫయరే పోయింది. ఆసుపత్రిలో చేరే తారీఖు దగ్గర పడుతుంటే ఆదరాబాదరాగా దానికి కొత్త ఆంప్లిఫయర్ తానే కట్టుకున్నారు. కరుణక్క పెళ్లి ప్రార్థనను తన గొంతుతో ఆ టేపు మీద ఎక్కించుకున్నారు. అప్పటికి సంబంధం కుదరలేదు, చూడనుకూడా లేదు. అక్కకు ప్రార్థన ఉందని తెలుసు, అందులో ఏముందో తెలియదు. పెళ్లిరోజే వినాలని తండ్రీకూతుళ్లిద్దరూ అనుకున్నారు.

ఆ ఆంప్లిఫయర్ బోర్డు మీకు చూపించగలిగితే బాగుండేది. రెండు వరసల్లో వైర్లు అతికించే చిన్న చిన్న రాగి ట్యాగులు, వాటి మధ్య రెసిస్టర్లు, కండెన్సర్లు, పక్కన గాజు వాల్వులు. ప్రతి వైరూ కొలిచి వంచినట్టుంటుంది. ప్రతి టంకం చుక్కా గుండ్రంగా మెరుస్తుంటుంది. ముందువైపు ఒకే ఒక మర. కుడికి తిప్పితే టేపు వినిపిస్తుంది. ఎడమకు తిప్పితే ఎర్ర దీపం వెలుగుతుంది, మైకులో మాట్లాడింది టేపు మీదికి ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ అంతకుముందు అక్కడున్నదాన్ని చెరిపేసుకుంటూ పోతుంది. ఇంతమాత్రం తెలిస్తే చాలు, మిగతా కథ మీకు అర్థమైపోతుంది.

కరుణక్కకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు కాచిగూడ స్టేషన్‌లో ఉద్యోగం. పెళ్లి దగ్గర పడుతుండగా, అమ్మగారు బజారుకు పోయిన ఒక మధ్యాహ్నం మాస్టారు ఆగలేక టేపు పెట్టుకున్నారు. తన గొంతు తాను వినాలనుకున్నారు, అంతే. ఆ ఆశ ఎవరికుండదు? సగం విన్నారో లేదో శబ్దం ఆగిపోయింది. భయపడి టేపును వెనక్కి చుట్టేసి మూత పెట్టారు. అమ్మగారు వచ్చి తెలుసుకుని, "పెళ్లిదాకా ఓపిక పట్టలేకపోయారా" అని గట్టిగానే కోప్పడింది. నా గదిలోకి వినబడింది.

నేనే ముందుకు దూకాను. ఎమ్మెస్సీ చదువుతున్నానాయె! గొప్పలు పోకపోతే ఎట్లా? "క్యాంపస్ ల్యాబుల చేసుకొస్త సార్, గిది చిన్న రిపేరే" అన్నాను. అమ్మగారు ఆ టేపు చుట్టిన స్పూలు తీసి ఇంట్లో ఉంచేస్తానంది. నేనే వద్దన్నాను. బాగయ్యాక ఆడించి చూస్తేనే కదా తెలిసేది, నా దగ్గర భద్రంగా ఉంటుంది అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. నేను ఇంకోసారి వద్దన్నాను. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను.

సెలవురోజు, ల్యాబులో నేనొక్కణ్ణే. స్క్రూడ్రైవరు మొనతో చివరి వాల్వు నుంచి వెనక్కి ఒక్కోదాన్నీ తాకుతూ రావడం పద్ధతి. బాగున్నదైతే స్పీకరు బుర్రుమంటుంది. చివరిది పలికింది. మధ్యది ఇంకా గట్టిగా పలికింది. మొదటిది పలకలేదు. దానికి కరెంటు అందించే రెసిస్టరు లోపల తెగిపోయింది, పైకి మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ రెసిస్టరు తయారీలోనే లోపం. మాస్టారి పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, నేను ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పగలిగేది ఇదొక్కటే. కొత్తది వేశాను. తాకాను. బుర్రుమంది. అబ్బ, ఎంత సంతోషమో!

మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది. మర ఉన్న ఏ పరికరాన్ని బాగుచేసినా, ఎడమ కొస నుంచి మొదలుపెట్టి అన్ని స్థానాల్లోనూ తిప్పి చూస్తే తప్ప బల్ల మీద నుంచి దించకూడదు. చేతికి అలవాటైపోయింది. చెయ్యి తనంతట తనే మరను ఎడమకు తిప్పింది. ఎర్ర దీపం వెలిగింది. స్పూలు తిరుగుతోంది. టేపు మొదట్లో కాస్త ఖాళీ ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నానా? ఎన్నిసార్లు తిరగేసినా ఇది మాత్రం తేలడం లేదు. మైకు తీసుకుని "హలో హలో" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. ఖాళీ గది, నా గొంతు, ఎదురుగా వెలుగుతున్న దీపం. రేడియోలో వార్తలు చదివేవాడిలా గొంతు మార్చి, గొప్ప నిపుణుడొకడు తార్నాక నుంచి బయలుదేరాడని నన్ను నేనే పొగుడుకున్నాను. మా ఊరి పొలాల్లో పాడే పాట ఒకటి ఎత్తుకున్నాను. ఎంతసేపో తెలియదు. ఒళ్లు మరిచిపోయాను.

వెనక్కి చుట్టి విన్నాను. నా గొంతు వినబడుతుంటే ముసిముసిగా నవ్వుకుంటున్నాను కూడా. పాట ఆగింది. టక్కుమంది. ఆ వెంటనే ఒక వాక్యం నడుమ నుంచి మాస్టారు మాట్లాడటం మొదలుపెట్టారు.

మెత్తటి గొంతు, ఒక్కో మాటకు ముందు కాస్త ఆలోచించి దిగే గొంతు. కాసేపే. పది పన్నెండు చిన్న వాక్యాలు, అంతే. ఆ తర్వాత టేపు ఖాళీ.

ఇదిగో, ఇక్కడిదాకా పొరపాటు. మా ఆవిడకు చెప్పింది ఇక్కడిదాకానే.

ఆ టేపు అలాగే పట్టుకుపోయి వాళ్ల కాళ్ల మీద పడొచ్చు. తిట్టేవాళ్లు, ఏడ్చేవాళ్లు. కానీ ఆ కాసిని వాక్యాలైనా మిగిలాయి కదా, వాటితో పెళ్లి జరిగిపోయేది. ఆ సంగతి నాకప్పుడు తెలియక కాదు. నాకు కనబడిందల్లా, ఆ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చుని నా కోతివేషాలు వినడం. సిగ్గేసింది. సిగ్గు, అంతే. అంత చిన్న విషయం. మొదట నా గొంతు ఒక్కటే చెరిపేద్దామనుకున్నాను. మైకు పీకేసి, టేపు మొదటికి చుట్టి, మర ఎడమకు తిప్పాను. స్పూలు తిరుగుతుంటే అప్పుడు తట్టింది. ముందంతా ఖాళీగా ఉండి చివర్న ఆయన మాటలు మాత్రం మిగిలితే, ఎవరో ఒకచోట ఆపారని ఆయన ఇట్టే పట్టేస్తారు. సైన్సు మాస్టారు కదా. పరికరమే చెరిపేసిందని చెప్పాలంటే మొత్తం పోవాలి. ఆపాల్సిన చోటు వస్తోందని నాకు తెలుసు. చెయ్యి మర మీదే ఉంది. తిప్పలేదు.

ఛీ. ఈ మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

అంతటితో ఆగానా? లేదు. అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా. వేడి చేసిన ఇనుముతో బోర్డు మీద ఒకచోట ఇంకో చుక్క టంకం కరిగించి, పక్క ట్యాగుకు తగిలీ తగలనట్టు సన్నటి మీసంలా లాగాను. అంత శుభ్రమైన పని మీద అదొక్కటే మచ్చ. అది నేను పెట్టిన మచ్చ.

ఇంటికి తెచ్చాను. మాస్టారు ఎదురొచ్చి తానే మూత తీశారు. నేను రిక్షాలో వస్తూ అల్లుకున్న మాటలన్నీ చెప్పాను. ఆంప్లిఫయర్ బాగయింది, కానీ టేపు చెరిగిపోయింది అన్నాను. చెరిపే వైపుకు కరెంటు పాకుతోంది, వేడెక్కాక ఒక జాయింటు తగులుకున్నట్టుంది, మీరు టేపు వెనక్కి చుట్టినప్పుడు మొత్తం పోయినట్టుంది అన్నాను. కరుణక్క ఇంకా బడి నుంచి రాలేదు. అమ్మగారు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మాస్టారు పలక తీసుకుని రాశారు.

"ఏ జాయింటు?"

"గీడ సార్," అని వేలు పెట్టి చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి, బోర్డును వెలుతురుకు ఎత్తి, ముఖం దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆ మీసాన్ని చూశారు. తల ఊపారు. మళ్లీ రాశారు.

"ఆపరేషన్ భయంలో చెయ్యి వణికినట్టుంది."

నేను కాదనలేదు. "గట్లనే అయి ఉంటది సార్" అన్నాను. విన్నారా? ఎవరూ అడగకుండానే ఆ మాట కూడా అన్నాను.

"నేను చెప్తూనే ఉన్నానయ్యా, పెళ్లిదాకా ముట్టుకోవద్దని," అంది అమ్మగారు, ఏడుపు ఆపుకుంటూ. వెంటనే ఆయన ముఖం చూసి నాలిక్కరుచుకుని, "పోనీలెండి, ప్రాణం కంటే ఎక్కువా" అని ఆయన భుజం పట్టుకుంది.

మాస్టారు పలక చెరిపి నావైపు తిప్పారు. "నువ్వు చాలా కష్టపడ్డావు. భోంచేసి వెళ్లు" అని ఉంది. భోంచేశాను. గోంగూర బాగుందని చెప్పి మళ్లీ పెట్టించుకున్నాను కూడా. మనిషి ఎంతకు దిగజారగలడో అని మీరు అనుకుంటుంటే, నిజమే, అంతకు దిగజారగలడు.

పెళ్లిరోజు నేను గడప పక్కనే నిలబడ్డాను. మేనమామ చేత చేయిద్దామని చుట్టాలన్నారు. కరుణక్క ఒప్పుకోలేదు. "మా నాన్నే చెయ్యాలి, వినబడకపోయినా ఫర్వాలేదు" అని ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. ఆయన పెదవులు చదవగలిగేది అమ్మగారొక్కతే, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ప్రార్థన ఎప్పుడైపోతుందో కరుణక్కకు తెలియడం లేదు. కాసేపటికి అయిపోయిందనుకుని కళ్లు తెరిచి తల ఎత్తింది. ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గబుక్కున తల దించేసుకుంది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. పారిపోలేదు. అలా నిలబడటం కూడా నటనే.

ఆ తర్వాత మాస్టారు టంకం పెట్టే ఇనుము పట్టుకోలేదు. స్కూల్లో ఏదైనా పరికరం పాడైతే పక్కనపెట్టి నేను వచ్చేదాకా ఆగేవారు. "నా చేతిని నమ్మలేను" అని ఒకసారి పలక మీద రాశారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. మరుసటేడు మరీ ఆలస్యమైంది అనుకున్నాను. ఆలస్యం ఎప్పుడూ ఉండేదే, ప్రతిసారీ అది నాకు పనికొచ్చింది. ఆయన పోయారు. సమాధి మీద మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అమ్మగారూ పోయింది.

కరుణక్క ఉంది. ఇప్పుడు మౌలాలి వైపు కొడుకు దగ్గర ఉంటోంది. కనబడితే నా చెయ్యి పట్టుకుని, "నాన్న టేపు కోసం ఎంత తిప్పలు పడ్డావు తమ్ముడూ" అంటుంది. అది నోటితో చెప్పాల్సిందే అని ఆయన రాసివ్వలేదు, అమ్మగారిని అడిగితే ఏడ్చేసేది. తండ్రి ఏం ప్రార్థించి ఉంటాడో అని తానే కల్పించుకుని చెబుతుంది. దీవించి ఉంటారు, పిల్లాపాపలతో చల్లగా ఉండమని ఉంటారు అంటుంది. నేను తల ఊపుతాను. ఆ టేపులో చివరి మాటలు విన్నవాణ్ణి నేను. ఆ మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఒక్క మాట చెప్పినా, నీకెట్లా తెలుసు అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఒక తండ్రి మాటల్ని ఆయన బిడ్డకు దక్కనివ్వలేదు. చెరిపేయడం ఒక్క మధ్యాహ్నం చేసిన పని. ఇది మాత్రం ప్రతిరోజూ చేస్తూ వచ్చాను.

క్షమించమని అడగను. ఎవరిని అడుగుతాను? అడిగే హక్కు ఆయనతోనే పోయింది. మీరు "పోనీలే" అన్నా నాకు అక్కర్లేదు. ఇంతదాకా చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది, అది చాలు. ఇక మిగిలినవి ఆ మాటలు. అక్క కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, ఏది దొరికితే అది చదువుతుంది. అందుకని అవి ఎట్లా విన్నానో అట్లాగే రాస్తున్నాను.

"...ఆ అబ్బాయి ఎవరో నాకింకా తెలీదు తండ్రీ, నీకు తెలుసు. మా కరుణకు కోపం జాస్తి. అది నా దగ్గర్నుంచి వచ్చిందే. కోప్పడ్డాక వంటింట్లోకి పోయి ఒక్కతీ ఏడుస్తుంది. అప్పుడు వెళ్లి పలకరించాలని ఆ అబ్బాయికి నేర్పించు. ఇవాళ నేను మాట్లాడలేనని అది దిగులు పడొద్దు. పక్కనే నిలబడి ఉన్నానని చెప్పు. ఆమేన్. ఏమే, అయిపోయింది, ఆపు. ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది చూడు. అమ్మాయొచ్చే వేళయింది, కళ్లు తుడుచుకో."

ఇంతే ఉంది అక్కా. చెరిపింది నేనే. మీ నాన్న చెయ్యి వణకలేదు.